మూడు రాజ్యాల మాస్టారు

మాస్టారు పోయారని ఫోనొచ్చినప్పుడు నేను పోర్ట్‌బ్లెయిర్‌లో, ఆఫీసులో ఉన్నాను. చేసినవాడు నాతో పదో తరగతి చదివినవాడు, ఇప్పుడు ఫెరార్‌గంజ్‌లో సిమెంటు కొట్టు నడుపుతున్నాడు. "నిన్న పొద్దున్నే పోయారు. పిల్లలా లేరు, చుట్టాలా లేరు. మేమే నలుగురం తీసుకెళ్ళాం. నీకు చెప్పే టైం లేకపోయింది, ఏమనుకోకు" అన్నాడు. పర్వాలేదన్నాను. ఫోను పెట్టేశాక నాకు ఏడుపు రాలేదు. ఉన్నమాట చెప్పేస్తున్నాను, హమ్మయ్య అనిపించింది. నా గురించి ఒక సంగతి ఈ దీవుల్లో ఆయనొక్కడికే తెలుసు. ఇక ఆయన లేడు. కాసేపటికి సిగ్గేసింది. టీ తెప్పించుకుని తాగి, ముందున్న ఫైలు చూసుకున్నాను.

ఆయన మాకు చరిత్ర చెప్పేవారు. మాది తెలుగు మీడియం స్కూలు, రేకుల కప్పు. వాన మొదలైతే ఎవరి మాటా ఎవరికీ వినపడదు. మిగతా మాస్టర్లు హాయిగా పాఠం ఆపేసి కిటికీలోంచి చూస్తూ కూర్చునేవారు. ఈయన మాత్రం బోర్డు మీద రాసుకుంటూ పోయేవారు, మేం నోట్సులోకి ఎక్కించుకోవాలి. ఎంత ఉక్కలోనైనా పొడుగు చేతుల చొక్కా, మణికట్టు దాకా గుండీలు. జేబులో మూడు మడతల చేతిరుమాలు, దాంతో చెమట తుడుచుకోవడం మాత్రం నేనెప్పుడూ చూడలేదు. ఎక్కడికెళ్ళినా మనుషుల్ని లెక్కపెట్టేవారు. జెట్టీలో, బస్సులో, పెళ్ళి పందిట్లో, పెదాలు కదులుతూనే ఉండేవి. ఎందుకు మాస్టారూ అంటే, "ఎంతమందో తెలీకుండా ఎలా కూర్చుంటారే మీరు?" అని మమ్మల్నే తిట్టేవారు.

మెచ్చుకోవడం ఆయనకు చేతకాదు. సరైన జవాబు చెబితే "నిలబడింది, కూర్చో" అనేవారు. తప్పయితే "పడిపోయింది, నిలబడు" అనేవారు. అంతకుమించి ఏమీ ఉండదు. ఆ "నిలబడింది" అన్న మాట కోసం నేను పడి చచ్చేదాన్ని. మా నాన్న చిన్నప్పుడే పోయాడు, ఇంట్లో నన్ను మెచ్చుకునే తీరిక ఎవరికీ లేదు. అది కారణమని ఇప్పుడనుకుంటాను. అప్పుడు మాత్రం ఆయన దేవుడు.

పాత చైనా గురించి మా పుస్తకంలో ఉన్నది అర పేజీ. ఆయన దానికి మూడు నెలలు తీసుకున్నారు. ఆ దేశంలో రాజ్యం ఎలా ఏలాలన్న దాని మీద తెలివైనవాళ్ళంతా తలలు బద్దలు కొట్టుకున్నారనీ, చెబితే మీ మట్టి బుర్రలకు ఎక్కదు కాబట్టి చేసి చూపిస్తాననీ అన్నారు. నెలకొక రాజ్యం. మా క్లాసే దేశం, ఆయనే రాజు.

మొదటి నెల కన్ఫ్యూషియన్ల రాజ్యం. రాజు మంచిగా నడుచుకుంటే జనం చూసి నేర్చుకుంటారు, పెద్దవాడు పెద్దవాడిలా చిన్నవాడు చిన్నవాడిలా ఉంటే దండించే పని ఉండదు, అదీ వాళ్ళ నమ్మకం. ఆయన మా అందరికంటే ముందొచ్చి గది ఊడ్చేవారు. మాకే ముందు నమస్కారం పెట్టేవారు. మేం ఏమీ నేర్చుకోలేదు. ఆయన ఊడుస్తుంటే వెనకాల వేరుశెనగ తొక్కలు పోసి, ఏం చేస్తాడో చూశాం. మళ్ళీ ఊడ్చారు.

రెండో నెల తావో వాళ్ళ రాజ్యం. రాజనేవాడు ఉన్నాడన్న సంగతే జనానికి గుర్తు రాకూడదట. కుర్చీలో కళ్ళు మూసుకుని కూర్చున్నారు, నెలంతా. వారం రోజులు గోల చేశాం. తర్వాత వింతగా మాలో మేమే సర్దుకున్నాం, చదువొచ్చినవాళ్ళు రానివాళ్ళకు చెప్పారు. కాకపోతే వెనక బెంచీలో ఒక బక్కవాడి టిఫిను డబ్బా రోజూ ఖాళీ అయ్యేది. వాడు వెళ్ళి చెప్పుకుంటే మాస్టారు కళ్ళు తెరవలేదు.

మూడో నెల చట్టవాదుల రాజ్యం. రాజు మంచివాడైతే ఎంత, వెధవైతే ఎంత, చట్టం గట్టిగా ఉంటే గాడిదైనా ఏలొచ్చు అన్నారు. బోర్డు మీద ఆరు నియమాలు రాశారు. తప్పితే బెత్తం, తప్పినవాడిని పట్టిస్తే మొదటి బెంచీ. ఆ వారమే డబ్బా దొంగ దొరికాడు. ఊళ్ళో సగం రోడ్లు వేసిన కాంట్రాక్టరు కొడుకు. వాడిమీద అంతవరకు ఏ మాస్టారూ చెయ్యి వేయలేదు. ఈయన అందరికీ ఎన్ని దెబ్బలో వాడికీ అన్నే వేశారు, ఒకటి ఎక్కువా కాదు తక్కువా కాదు. క్లాసంతా సంబరపడిపోయాం.

నెలాఖరున ఏ రాజ్యంలో ఉంటారో చేతులెత్తమన్నారు. అందరం మూడోదానికే ఎత్తాం. ఆయన నవ్వలేదు. "మీరింతే" అన్నారు. అందర్నీ ఒక్కలాగే ప్రేమించాలన్న నాలుగో రకం వాళ్ళు కూడా ఆ దేశంలో ఉండేవారని పుస్తకం చివర ఒక వాక్యం ఉంది. వాళ్ళకు నెల లేదా మాస్టారూ అని ఎవరో అడిగారు. "బెల్లయిపోతోంది. అది పరీక్షకు రాదు" అన్నారు.

పరీక్షలో ఇచ్చిన ప్రశ్న నాకింకా గుర్తుంది. మీ నాయనమ్మ సర్కారు తోటలో కొబ్బరికాయ దొంగిలించింది, నువ్వు చూశావు, చెబుతావా, కప్పుతావా? మూడు రాజ్యాల జవాబులూ రాయాలి, ఆఖర్న మన జవాబు. మొదటి రాజ్యంలో కప్పాలి, ఇల్లు విరిగితే రాజ్యం నిలవదు కాబట్టి. రెండో రాజ్యంలో తోటకు కంచె వేయకపోతే దొంగతనమే లేదు. మూడో రాజ్యంలో చెప్పాలి, నాయనమ్మకో చట్టం, ఊరికో చట్టం ఉండదు కాబట్టి. ఇదంతా రాసి, నేనైతే చెబుతాను అని ముగించాను. మార్కులన్నీ వేసి, ఎర్ర సిరాతో పక్కన రాశారు, "నిలబడింది." ఆ కాగితం చాలాకాలం దాచుకున్నాను.

సునామీ నాటికి నా చదువు అయిపోయి ఏడాది. మా ఇల్లు సముద్రపు పాయ పక్కన, క్రీకు ఒడ్డున ఉండేది. ఆ పొద్దున్న భూమి ఊగింది, తర్వాత సముద్రం క్రీకు వెంబడి పొలాల్లోకి వచ్చి, మళ్ళీ వెనక్కి పోలేదు. అమ్మా, వదినా, రెండేళ్ళ మేనల్లుడూ, నేనూ కట్టుబట్టలతో రోడ్డెక్కాం. అన్నయ్య తాపీమేస్త్రీ, పనిమీద క్యాంప్‌బెల్ బే వెళ్ళి ఉన్నాడు. అక్కడ పనివాళ్ళుండే లైన్లు కట్టిన ఒడ్డంతా కొట్టుకుపోయిందని రెండు రోజులకు తెలిసింది.

క్యాంపు మా స్కూల్లోనే పెట్టారు. హెడ్మాస్టరు సెలవు మీద మెయిన్‌లాండ్‌లో ఉండిపోవడంతో ఇన్‌ఛార్జి పని మాస్టారికి పడింది. ఆయన భార్య చెల్లెలి పురుడికని హట్‌బే వెళ్ళింది. ఆమె గురించీ కబురు లేదు. అయినా ఆ రోజుల్లో ఆయన ముఖంలో ఒక కళ ఉండేది. నడక మారిపోయింది. ఇన్నాళ్ళకు నిజం రాజ్యం చేతికొచ్చిందన్న కళ అది. అప్పుడు చూసి ముచ్చటపడ్డాను, ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

మళ్ళీ మూడు రాజ్యాలూ నడిపారు, ఈసారి నెలలు కాదు, రోజులు. మొదట ముసలివాళ్ళకు ముందు వడ్డన అన్నారు. ఆయనే గిన్నె పట్టుకుని వడ్డించారు, అందరి తర్వాత తిన్నారు. రెండో రోజుకల్లా కండబలం ఉన్న ప్రతివాడూ ఒక ముసలమ్మను సంపాదించి వరస ముందు నిలబెట్టాడు. పదేళ్ళుగా అత్తతో మాటల్లేని ఒకాయన ఆమెను కుర్చీతో సహా మోసుకొచ్చాడు. గిన్నె అడుగంటేసరికి పసిపిల్లల తల్లులు వరస చివర ఉన్నారు.

అప్పుడు మాస్టారు తాళాలు బల్ల మీద పెట్టేసి సైన్సు గదిలోకి వెళ్ళిపోయారు. నాలుగు రోజులు బయటికి రాలేదు. ఆ నాలుగు రోజులూ మేం బతికాం. మా గదిలో ఒక హిందీ దీదీ ఉండేది, మొగుడు ఫారెస్టు లేబరు. మేం అందరం దీదీ అనే పిలిచేవాళ్ళం. ఆవిడే ముందు ఇటుకలు పేర్చి పొయ్యి పెట్టింది. "అరే బైఠో మత్, ఉల్లిపాయల్ కాటో" అని అటు హిందీ ఇటు తెలుగూ కలిపి మగవాళ్ళను కూడా కూర్చోబెట్టి తరిగించింది. సునామీ తర్వాత క్యాంపులో నవ్వులు వినపడింది ఆ నాలుగు రోజులే. ఐదో రోజు సముద్రం ముంచేసిన కింది దీవులవాళ్ళు ఓడ దిగి లారీల్లో వచ్చారు. మావాళ్ళు, ఒక పొయ్యి మీద వండుకుతిన్న ఆ మావాళ్ళే, గేటు మూసి అడ్డంగా కూర్చున్నారు. చోటు లేదన్నారు. ఎండలో చంటిపిల్లలతో వాళ్ళు మధ్యాహ్నం దాకా నిలబడ్డారు. దీదీ ఒక్కత్తే గేటు సందులోంచి నీళ్ళందించింది. మాస్టారు సైన్సు గదిలోంచి వచ్చి, కాసేపు చూసి, గేటు తీశారు. ఎవరినీ ఒక్క మాట అనలేదు. ఆ సాయంత్రం బోర్డు మీద చట్టం రాశారు.

ఐదు కుటుంబాలు ఒక జట్టు. ఎదురుగా మనిషి కనిపిస్తేనే కంచం, జబ్బు మనిషి కంచం మాత్రం ఇంటివాళ్ళు తీసుకోవచ్చు. కనపడనివాళ్ళ పేర్లు వేరే జాబితాలోకి పోతాయి. ఒకరు అబద్ధం చెబితే ఐదు కుటుంబాలకూ ఆ పూట అన్నం ఉండదు. పట్టించినవాళ్ళకు రేకుల షెడ్ల జాబితాలో ముందు చోటు, వాళ్ళ పేరు ఎప్పటికీ బయటికి రాదు. ఇదంతా చదివాక చాక్‌పీసు తీసుకుని, బోర్డు మీదున్న స్టాఫు కుటుంబాల జాబితాలో తన భార్య పేరు అందరి ముందూ తనే కొట్టేసి, కనపడనివాళ్ళ జాబితాలో మొదటి పేరుగా రాశారు. ఇక నోరెత్తడానికి ఎవరికి మొహముంటుంది?

నిజం చెప్పాలంటే చట్టం పనిచేసింది. ఓడలో వచ్చినవాళ్ళకూ మాకూ ఒకే గరిట. నీళ్ళ డ్రమ్ముల దగ్గర కొట్లాట ఆగిపోయింది. కాంట్రాక్టర్లు కూడా వరసలో నిలబడ్డారు. మాస్టారు చేతులు వెనక్కి కట్టుకుని, పెదాలు కదుపుతూ గదులన్నీ తిరిగేవారు.

మా గదిలోని ఐదు కుటుంబాల జట్టులో మాత్రం ఒక అబద్ధం నడుస్తోంది. మా ఇళ్ళలో మగమనిషి సముద్రం మీదకు పోతే తిరిగొచ్చేదాకా రోజూ అతని కంచంలో అన్నం పెడతారు. కంచం పెట్టడం మానేశారంటే మనిషి లేడని ఒప్పుకున్నట్టే. వదిన ఒప్పుకోలేదు. గోనెసంచుల్ని మూలన పరిచి, దిండు పెట్టి, దుప్పటి కప్పి, "మా ఆయనకి జొరం" అని చెప్పి రోజూ అన్నయ్య కంచం తెచ్చేది. సాయంత్రం దాకా మూతపెట్టి ఉంచి, తర్వాత ఆ అన్నం ఐదు కుటుంబాల పిల్లలకూ ముద్దలు పెట్టేది. ఐదు కుటుంబాలకూ తెలుసు. ఎవరూ చెప్పలేదు. దీదీ అయితే లెక్క చూడ్డానికి వాలంటీరు వస్తే గుమ్మంలో అడ్డం నిలబడి, "భయ్యా, బీమార్ ఆద్మీ హై, అంటుకుంటుంది" అని పంపించేసేది.

నేను చెప్పాను. ఒక మధ్యాహ్నం సైన్సు గదికి వెళ్ళి చెప్పాను. అమ్మకు ఆయాసం, ఆ గది చెమ్మకు ఆమె బతకదని భయం, షెడ్డు కావాలి. అది ఒక కారణం. చచ్చిన అన్నయ్యకు రోజూ అన్నం పెట్టడం చూడలేకపోయాను. అదీ ఒకటి. కానీ గదిలోకి అడుగు పెడుతున్నప్పుడు నా మనసులో ఉన్నది ఈ రెండూ కావు. ఆయన ఏమంటారో వినాలని ఉంది.

"నీ సొంత వదినేనా?" అన్నారు.

"అవును మాస్టారూ."

"ఇంకెవరితోనైనా అన్నావా?"

"లేదు."

"నీ పేరు నేను చచ్చేదాకా బయటికి రాదు." చేతిరుమాలు తీసి, మడతలు సరిచూసుకుని, మళ్ళీ జేబులో పెట్టుకున్నారు. "నిలబడింది" అన్నారు.

మర్నాడు వడ్డన వేళకు మా గదికి వచ్చారు. మూలన దుప్పటి ముందు ఆగారు.

"ఎవరమ్మా పడుకున్నది?"

"మా ఆయనండి. జొరం తగ్గలేదు."

వంగి దుప్పటి తీశారు. గోనెసంచులూ దిండూ బయటపడ్డాయి. నేను అమ్మ వెనకాల నిలబడి ఉన్నాను.

"ఎప్పుడొచ్చాడు?"

"రాలేదండి. వస్తాడు."

"వచ్చిన రోజు కంచం ఇస్తాం."

"కంచం తీసేస్తే ఎలగొస్తాడు బాబూ?" అంది వదిన. గొంతు పెంచలేదు. "మీరు మీ ఆవిడ పేరు కొట్టేసుకున్నారు. అందుకని ఊరందరం కొట్టేసుకోవాలేటి?"

మాస్టారు ఆమెను చాలాసేపు చూశారు. "అవును" అన్నారు. "లేకపోతే నేను కొట్టేసుకున్నది దేనికి?"

కంచం ఆమె చేతే తీయించారు. ఆమె చేతే కడిగించారు. ఆమె చేతే మిగతా కంచాల దొంతర మీద పెట్టించారు. చంకలో బిడ్డతో వదిన వరండా ఆ చివర నుంచి ఈ చివరకు నడిచింది, క్యాంపంతా నిలబడి చూసింది. ఆ సాయంత్రం ఐదు కుటుంబాలకు అన్నం లేదు. పిల్లలు ఏడ్చి ఏడ్చి పడుకున్నారు. అన్నయ్య ఆ తర్వాత కూడా రాలేదు.

ఎవరు చెప్పుంటారని గదంతా గుసగుసలు. ఆ పొద్దున్న దీదీ మాస్టారి బల్ల దగ్గరకు కూతురి జ్వరం బిళ్ళల కోసం వెళ్ళింది. ఎవరో చూశారు. అంతే చాలింది. నాలుగు రోజులకు షెడ్ల జాబితా చదివితే మొదటి మూడు పేర్లలో దీదీదీ ఉంది, మాదీ ఉంది. మాది వితంతువున్న ఇల్లని ముందు వేశారనుకున్నారు. దీదీకి మాత్రం చెప్పినందుకు కూలి గిట్టిందన్నారు. మాస్టారు నా పేరు దాచడానికి మిగతా రెండు ఇళ్ళనూ అడ్డం పెట్టారని నాకొక్కదానికే అర్థమైంది. వదిన దీదీ ముందుకెళ్ళి, "నా మొగుణ్ణి నువ్వు సంపేసేవు" అంది. దీదీ బిత్తరపోయి, "మైఁ నహీఁ బెహన్, నేను కాదు, నేను కాదు" అంటూ నా వైపు చూసింది. నేను సాక్ష్యం చెబుతానని చూసింది. నేను మేనల్లుడి ముక్కు తుడిచాను.

రేకుల షెడ్లలో మూడేళ్ళకు పైగా ఉన్నాం. దీదీ కుళాయి దగ్గరకొస్తే మావాళ్ళు బిందెలు తీసుకుని పక్కకు జరిగేవారు. వాళ్ళ పిల్లలతో మా పిల్లల్ని ఆడనిచ్చేవారు కాదు. కూతురి పెళ్ళికి దీదీ గడపగడపకూ తిరిగి పిలిచింది. మిగతా నాలుగు కుటుంబాల్లో ఒక్కరూ వెళ్ళలేదు. నేనూ వెళ్ళలేదు. వండిన అన్నం మిగిలిపోయి, రోడ్డు పనివాళ్ళను పిలిచి పెట్టుకున్నారని విన్నాను. తర్వాత వాళ్ళు షెడ్డు వదిలేసి చౌల్దారీ వైపు వెళ్ళిపోయారు.

ఆ పెళ్ళి అయిన వారానికి నేను మాస్టారి క్వార్టరుకు వెళ్ళాను. రిటైరవబోతున్నారు. గుమ్మంలోనే చెప్పుల జతలు లెక్కపెట్టినట్టు చూసి లోపలికి రమ్మన్నారు.

"మాస్టారూ, దీదీ కాదని మీరొక్క మాట అనండి. మీ మాట అందరూ వింటారు."

"దీదీ కాదంటే, మరెవరని అడుగుతారు. అప్పుడేం చెప్పమంటావ్?"

"ఏమీ చెప్పకండి."

"చట్టం రాసినప్పుడు మాటిచ్చాను. అది నన్ను కట్టేసింది. నిన్నెవరు కట్టేశారు?" అన్నారు. "వెళ్ళి చెప్పుకో. నీ నోటికి నేను తాళం వేయలేదే."

నేను తల దించుకున్నాను. ఆయనే లేచి టీ పెట్టి, రెండు గ్లాసుల్లో పోసి తెచ్చారు. అంత మర్యాద నాకు ఆయనెప్పుడూ చేయలేదు.

"క్యాంపులో ఒక్కరైనా ఆకలితో పోయారా?"

"లేదు."

"ఓడలో వచ్చినవాళ్ళకు ఒక మెతుకు తక్కువైందా?"

"లేదు మాస్టారూ."

"ఇన్నేళ్ళు చదివి నేను తేల్చుకున్నది ఒకటుంది, విను. ఏ రాజ్యానికైనా ఒక తెగులుంటుంది. మొదటిదానికి ముసలమ్మల్ని ముందు నిలబెట్టేవాళ్ళు. రెండోదానికి గేటు మూసేవాళ్ళు." టీ ఊదుకుంటూ నింపాదిగా చెప్పారు. "మూడోదానికి నువ్వు."

ఆ మాటకు ఆయన మీద నాకు పుట్టిన కసి ఇంతా అంతా కాదు. నన్ను తయారుచేసింది ఎవరు? ఆ మార్కులు వేసింది ఎవరు? గట్టిగా అడగాలనుకున్నాను. టీ తాగేసి, గ్లాసు కడిగి బోర్లించి వచ్చేశాను. మళ్ళీ ఆయన గుమ్మం తొక్కలేదు. ఒకటి రెండుసార్లు పోర్ట్‌బ్లెయిర్ జెట్టీలో కనపడ్డారు. దూరంగా నిలబడి మనుషుల్ని లెక్కపెడుతున్నారు, ఆ లెక్కలో నన్నూ కలుపుకునే ఉంటారు. ఇచ్చిన మాట మాత్రం తప్పలేదు. ఆయన ఒక్క మాట తప్పి ఉంటే నేను ఏనాడో బయటపడేదాన్ని. నా పాపాన్ని నాకే వదిలేసి, దర్జాగా పోయారు.

ఆఫీసయ్యాక వదినకు ఫోన్ చేశాను. వదిన రంగత్‌లో ఉంటుంది, బస్టాండు పక్కన టిఫిన్ల బండి. కొడుకు డ్రైవరు. ఇప్పటికీ బొట్టు తీయలేదు. ఈ రోజు చెప్పేయాలనే చేశాను. దాచమని నన్ను కట్టేసినవాళ్ళు ఎప్పుడూ లేరు, నా బదులు చెప్పగలిగిన ఒక్క మనిషీ ఇక లేడు. చెబితే నా నోటితో నేను చెప్పినట్టే అవుతుంది.

"మాస్టారు పోయారు వదినా" అన్నాను.

వెనకాల పెనం మీద నీళ్ళు చల్లిన చప్పుడు వినపడింది. "పోనీలే పాపం. ఆయన తప్పేటుంది? ఆయనకి ఎవులో సెప్పబట్టే కదా వచ్చేరు. ఆయన మీద నాకు కోపం లేదమ్మా" అంది.

"వదినా, ఆ రోజు..." అన్నాను.

"సెప్పడం మర్సిపోయేను" అంది వదిన. "మొన్న బజార్లో ఆ దీదీ కనపడింది. ఇక్కడే కూతురి దగ్గరుందంట. పక్షవాతమొచ్చి చెయ్యొకటి పడిపోయింది, మనిషి సగమైపోయింది. నన్ను సూసి, రెండో సేత్తో కొంగు పట్టుకుంది. బెహన్, మైఁ నహీఁ బోలీ, నేను సెప్పలేదు అని ఒకటే ఏడుపు. ఇరవయ్యేళ్ళయినా అదే అబద్ధం. కొంగు లాక్కుని, దాని మొహం కూడా సూడకుండా వచ్చేసేను. ఇంటికొచ్చేక మనసొప్పలేదు, ముసల్ది కదా, ఒక్క మాటైనా మాటాడుండాల్సిందేమో అనిపించింది. మళ్ళీ ఎల్లి పలకరించనా అని కూడా అనుకున్నాను. నువ్వు సదువుకున్నదానివి, నువ్వు సెప్పు. నాను సేసింది తప్పా?"

వదిన లైన్లోనే ఉంది, నా జవాబు కోసం ఆగింది.

"తప్పేం లేదు" అన్నాను. "బాగా చేశావు వదినా."